పాత కారు స్ప్రింగులు: తుప్పు తీయడం, మళ్ళీ రంగు వేయడం

కారు సస్పెన్షన్‌లోని కాయిల్ స్ప్రింగు చక్రం పక్కనే, బురదా నీళ్ళూ రాళ్ళూ నేరుగా తగిలే చోట ఉంటుంది. కొన్నేళ్ళు గడిచాక దాని మీది నల్లపూత పెచ్చులూడి, లోపలి ఉక్కు ఎర్రబారుతుంది. అలాంటి స్ప్రింగును విప్పి, తుప్పు గీకి, రంగు వేసి మళ్ళీ బిగించడం మెకానిక్ షెడ్లలో ఎప్పటినుంచో ఉన్న పనే. కిటికీ చువ్వలకు రంగు వేసినట్టే దీనికీ వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ చువ్వ ఇనుముకు ఏ హానీ చేయని యాసిడ్, మంట, ఎలక్ట్రోప్లేటింగ్ వంటివి స్ప్రింగు ఉక్కును పెళుసుబారుస్తాయి, లేదా దాని పదును పోగొడతాయి. ఏ స్ప్రింగు ఈ శ్రమకు తగింది, తుప్పు ఏ పద్ధతిలో తీయాలి, ఏ పూత ఎలాంటి వాతావరణంలో వేయాలి అన్నవి వేర్వేరు ప్రశ్నలు. వాటికి వరసగా జవాబు దొరికాకే బ్రష్షు పట్టుకోవాలి.

దేవనహళ్ళి దారుల్లో తుప్పు

తుప్పు వేగం బండి తిరిగే ఊరిని బట్టి మారుతుంది కాబట్టి ముందు ఒక ఊరిని తీసుకుందాం. బెంగళూరుకు ఉత్తరాన దాదాపు 40 కి.మీ. దూరంలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున దేవనహళ్ళి ఉంది. హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి దీని పక్కగానే బెంగళూరుకు పోతుంది. 2008 మే నెలలో ఇక్కడ విమానాశ్రయం తెరిచాక టాక్సీల రాకపోకలు విపరీతంగా పెరిగాయి. హిందూపురం, పుట్టపర్తి వైపు వాళ్ళకు కూడా ఇదే దగ్గరి పెద్ద విమానాశ్రయం కావడంతో రాయలసీమ బండ్లూ రోజూ వచ్చిపోతుంటాయి. ఇక్కడి టాక్సీల్లో ఎక్కువగా కనిపించే డిజైర్, ఎటియోస్, ఇన్నోవాల్లో ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులే. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు వెనకవైపు ఉండేవి కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు).

ఉప్పుగాలి లేని పీఠభూమి కాబట్టి ఇక్కడ తుప్పు నెమ్మదిగానే పడుతుంది. కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ తయారుచేసిన భారత తుప్పు పటం కూడా ఊరిని బట్టి లోహం తినిపోయే వేగం ఎంతగా మారుతుందో చూపుతుంది. తీరానికి దగ్గరైన కొద్దీ ఆ వేగం పెరుగుతుంది. అయితే సెకండ్ హ్యాండ్ కారు పుట్టి పెరిగిన ఊరు వేరు, ఇప్పుడు తిరుగుతున్న ఊరు వేరు కావచ్చు. దేవనహళ్ళి రవాణా కార్యాలయం నంబరు కేఏ-43. కేఏ-19 అయితే మంగళూరు, కేఏ-20 అయితే ఉడుపి, పాత ఏపీ-31 అయితే విశాఖపట్నం. ఆ నంబర్లున్న బండి కింద స్ప్రింగును కేఏ-43 బండి స్ప్రింగుతో సమానంగా చూడకూడదు. పూత కింద ఒకసారి చేరిన ఉప్పు బండి కొండెక్కి వచ్చినా తన పని మానదు.

ఉప్పు తక్కువైనా ఈ ప్రాంతంలో తుప్పుకు వేరే సాయం ఉంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన, సెప్టెంబరు, అక్టోబరుల్లో మరీ ఎక్కువ. దానికి తోడు ఎర్రమట్టి, ఎడతెగని నిర్మాణాల దుమ్ము. ఈ మట్టి స్ప్రింగు కింది చుట్టుకీ, అది కూర్చునే గిన్నెకీ మధ్య చేరి తడిని పట్టి ఉంచుతుంది. బండి ఊగినప్పుడల్లా ఇసుక రేణువులు పూతను రాపాడతాయి. స్ప్రింగులు ఎక్కువగా కింది చుట్టు దగ్గరే విరగడానికి కారణం ఇదే. కొన్ని కార్లలో ఆ చుట్టుకు రబ్బరు లేదా ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. చప్పుడు రాకుండా వేసిన ఆ తొడుగే లోపల నీరు నిలవడానికీ చోటిస్తుంది. తొడుగు తీయకుండా స్ప్రింగు బాగుందని చెప్పడం కుదరదు.

స్ప్రింగు ఉక్కు తీరు

సస్పెన్షన్ స్ప్రింగుకు వాడేది సిలికాన్-మాంగనీస్, సిలికాన్-క్రోమియం లేదా క్రోమియం-వెనేడియం కలిపిన ఉక్కు. దాన్ని బాగా కాల్చి, నూనెలో చల్లార్చి, తర్వాత సుమారు 350 నుంచి 450 డిగ్రీల సెల్సియస్ మధ్య మళ్ళీ వేడిచేసి పదును కుదురుస్తారు. దాంతో రాక్‌వెల్ సి కొలతలో 45 నుంచి 55 వరకు కాఠిన్యం వస్తుంది. ఆ తర్వాత చిన్న చిన్న ఉక్కు గుండ్లను వేగంగా కొట్టించి పైపొరను అదుముతారు. షాట్ పీనింగ్ అనే ఈ పనిని 20వ శతాబ్దం తొలి సగంలో జనరల్ మోటార్స్ ఇంజినీరు ఆల్మెన్ శాస్త్రీయంగా నిలబెట్టాడు. గుండ్ల దెబ్బకు పైపొరలో అదుముడు ప్రతిబలం నిలిచిపోతుంది. పగులు తెరుచుకోవాలంటే ముందు ఆ అదుముడును దాటాలి. ఆ పొర మందం మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే. తుప్పు గుంట అంతకంటే లోతుకు పోతే స్ప్రింగుకు ఆ రక్షణ లేనట్టే.

తుప్పు వల్ల తీగ సన్నబడితే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. కాయిల్ స్ప్రింగు బిగువు తీగ వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. 12 మి.మీ. తీగ అంతటా సమంగా తినిపోయి 11.5 మి.మీ.కు వచ్చిందనుకుంటే, అంటే చుట్టూ పావు మిల్లీమీటరు చొప్పున పోతే, బిగువు సుమారు 16 శాతం పడిపోతుంది. అదే బరువుకు తీగలో ప్రతిబలం దాదాపు 14 శాతం పెరుగుతుంది. పైగా చుట్టు లోపలి వైపున ప్రతిబలం బయటివైపు కన్నా ఎప్పుడూ ఎక్కువ. 120 మి.మీ. సగటు వ్యాసంలో చుట్టిన 12 మి.మీ. తీగకు, వాల్ సూత్రం ప్రకారం, లోపలి అంచు మీద మామూలు లెక్క కంటే 14 శాతం దాకా అదనపు భారం పడుతుంది. చూసేవాడి కంటికి బయటివైపు కనబడుతుంది, విరిగే గుణం లోపలివైపు ఉంటుంది. తనిఖీలో వేలూ టార్చిలైటూ చుట్టు లోపలికి పోవాల్సింది ఇందుకే.

సమంగా సన్నబడటం కంటే గుంటలు పడటం ఎక్కువ ప్రమాదం. గుంట అడుగున ప్రతిబలం పోగుపడుతుంది, తడి తగులుతూ ఉంటుంది, చక్రం తిరిగే ప్రతి కిలోమీటరూ స్ప్రింగును వందల సార్లు ఊపుతుంది. ఇలా మొదలైన వెంట్రుకవాసి పగులు లోపలికి పాకుతూ ఒకనాడు ఏ స్పీడ్ బ్రేకరు దగ్గరో తీగను రెండు ముక్కలు చేస్తుంది. విరిగిన కొస టైరును కోసిన సందర్భాలూ ఉంటాయి. రంగు వేస్తే తుప్పు మళ్ళీ మొదలవడం ఆలస్యమవుతుంది గానీ, పోయిన ఉక్కు తిరిగి రాదు.

ఎంపిక, విప్పడం

కాబట్టి మొదటి పని ఏరివేత. తుప్పు పెచ్చులుగా లేస్తున్న స్ప్రింగునూ, గోరు దిగేంత గుంటలున్న స్ప్రింగునూ, కింది చుట్టు కొస విరిగిన స్ప్రింగునూ పక్కన పెట్టాలి. మిగిలినవాటిని శుభ్రం చేశాక, ఎక్కువ తిన్న చోటా బాగున్న చోటా వెర్నియర్ కాలిపర్‌తో వ్యాసం కొలిచి పోల్చాలి. ఎడమ, కుడి స్ప్రింగులను చదునైన బండ మీద పక్కపక్కన నిలబెడితే కుంగినది తెలుస్తుంది. అయితే కొన్ని కార్లలో డ్రైవరు వైపు స్ప్రింగు వేరుగా ఉండవచ్చు కనుక కంపెనీ నంబరు కూడా సరిచూడాలి. అనుమానం ఉన్నచోట డై పెనెట్రెంట్ చల్లితే పగుళ్ళు రంగు గీతలుగా బయటపడతాయి. ఒక స్ప్రింగు పనికిరాకపోతే అదే ఇరుసు మీది రెండోదాన్నీ మార్చడం మంచి పద్ధతి.

తుప్పు గీకే ముందు రాసి పెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. చాలా స్ప్రింగుల మీద కంపెనీ వేసిన రంగు చుక్కలు ఉంటాయి. అవి స్ప్రింగు తరగతినీ, బిగువునూ తెలిపే గుర్తులు. గీకితే పోతాయి. వాటి ఫోటో తీసి, ఏది ఎడమ, ఏది కుడి, ఏ కొస పైకి అన్నది చీటీ కట్టి ఉంచాలి.

మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో స్ప్రింగు షాకబ్జర్ చుట్టూ నొక్కుడులోనే ఉంటుంది. మధ్య నట్టు నేరుగా విప్పితే అది బాణంలా ఎగిరి ప్రాణం తీయగలదు. సరైన స్ప్రింగు కంప్రెసర్‌తో ఎదురెదురుగా రెండు వైపులా సమంగా బిగించి, పై మౌంటు వదులయ్యాకే నట్టు తీయాలి. తాళ్ళూ తీగలూ కట్టి చేసే పని ఇది కాదు. తుప్పు బాగా తిన్న స్ప్రింగు కంప్రెసర్‌లోనే విరిగే అవకాశం ఉంది కనుక ముఖం దాని ఎదురుగా పెట్టకూడదు.

తుప్పు తీసే దారులు

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు జిడ్డు పోవాలి. షెడ్లలో డీజిలుతో కడగడం అలవాటు. అది మట్టినీ గ్రీజునూ వదిలిస్తుంది గానీ తన నూనె పొరను అక్కడే ఉంచుతుంది. ఆ పొర మీద ప్రైమర్ పట్టదు. డీజిలు వాడినా ఆ తర్వాత డిటర్జెంటు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, థిన్నర్ గుడ్డతో తుడవాలి.

చేతితో వైర్ బ్రష్, ఎమరీ పేపర్ పట్టి రుద్దడం అందరికీ అందే మార్గం. వదులు తుప్పు పోతుంది, గుంటల్లోది మిగులుతుంది. గ్రైండర్‌కు బిగించిన వైర్ కప్పు పని త్వరగా ముగిస్తుంది. కానీ ఒకేచోట ఎక్కువసేపు ఆనిస్తే తుప్పును ఉక్కులోకే పాలిష్ పట్టించి, మెరిసే ముదురు పొరలా వదిలేస్తుంది. కోసే రాయి, గ్రైండింగ్ రాయి మాత్రం స్ప్రింగుకు తగలకూడదు. తీగకు అడ్డంగా పడిన ఒక్క గీత గుంట చేసే పనే చేస్తుంది.

మేలైన ఫలితం ఇచ్చేది బ్లాస్టింగ్. గాలి ఒత్తిడితో గార్నెట్ లేదా అల్యూమినియం ఆక్సైడ్ రవ్వను కొట్టిస్తే గుంటల అడుగు దాకా శుభ్రపడుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8501-1 ఉక్కు శుభ్రతను తరగతులుగా విభజించింది. చేతి పనిముట్లతో వచ్చేవి ఎస్‌టీ 2, ఎస్‌టీ 3. బ్లాస్టింగ్‌తో వచ్చేవి ఎస్ఏ తరగతులు, వాటిలో ఎస్ఏ 2½ అంటే దాదాపు తెల్లని లోహం. ఎపాక్సీ పూతలు చాలావరకు అడిగేది ఈ స్థాయినే. స్ప్రింగుకు సన్న రవ్వ, తక్కువ ఒత్తిడి చాలు. మొరటు రవ్వ పైపొరను గాయపరుస్తుంది. మామూలు ఇసుకతో పొడిగా కొట్టించడం మాత్రం ఎవరూ చేయకూడని పని. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. బ్రిటన్ 1949 నియమాలతోనే ఇసుక బ్లాస్టింగ్‌కు అడ్డుకట్ట వేసింది. మన దేశంలోనూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో బ్లాస్టింగ్, ఫాస్ఫేటింగ్, పౌడర్ కోటింగ్ చేసే చిన్న యూనిట్లు చాలా ఉన్నాయి. పని అప్పగించేటప్పుడు ఏ రవ్వ వాడతారో అడగాలి.

యాసిడ్ విషయంలోనే పొరపాట్లు ఎక్కువ. బాత్‌రూమ్ కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచితే తుప్పు నిమిషాల్లో కరుగుతుంది, చూడటానికి అద్భుతంగా ఉంటుంది. ఆ చర్యలో పుట్టిన హైడ్రోజన్ పరమాణువులు కొన్ని ఉక్కులోకి చొరబడతాయి. మెత్తని ఇనుముకు దానివల్ల పెద్ద నష్టం లేదు. రాక్‌వెల్ సి 40కి పైబడిన గట్టి ఉక్కులో మాత్రం అవి పెళుసుదనం తెస్తాయి. స్ప్రింగు బిగించిన కొన్ని గంటలకో, రోజులకో ఏ హెచ్చరికా లేకుండా విరగవచ్చు. పరిశ్రమల్లో ఇలాంటి ఉక్కును యాసిడ్‌లో పెట్టాల్సి వస్తే, కొద్ది గంటల్లోపే 190 నుంచి 220 డిగ్రీల వద్ద గంటల తరబడి కాల్చి హైడ్రోజన్‌ను బయటికి పంపుతారు. షెడ్డులో ఆ వసతి ఉండదు కాబట్టి యాసిడ్ జోలికి పోకపోవడమే మేలు.

చాకలి సోడా నీళ్ళలో బ్యాటరీ చార్జర్ తగిలించి చేసే ఎలక్ట్రాలిసిస్‌కు కూడా ఇదే అభ్యంతరం. పాత పనిముట్లకు అది చక్కటి పద్ధతి. కానీ అందులో తుప్పు పట్టిన వస్తువు రుణధ్రువం, హైడ్రోజన్ పుట్టేది సరిగ్గా అక్కడే. యాసిడ్ వాడలేదు కాబట్టి ప్రమాదం లేదన్న నమ్మకం స్ప్రింగు విషయంలో చెల్లదు.

తుప్పును మాత్రమే పట్టుకుని కరిగించే తటస్థ ద్రావణాలు బజారులో దొరుకుతున్నాయి. వాటిలో రాత్రంతా నానబెడితే లోహానికి హాని లేకుండా గుంటలు శుభ్రపడతాయి. ధర, మునిగేంత తొట్టి, అంత ద్రావణం అవసరం కావడం వాటి ఇబ్బందులు. రస్ట్ కన్వర్టర్లది వేరే దారి. వాటిలోని టానిక్ ఆమ్లం తుప్పును నల్లని ఐరన్ టానేట్‌గా, ఫాస్ఫారిక్ ఆమ్లం ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తాయి. వీటి మీద వృత్తివాళ్ళలో రెండు అభిప్రాయాలున్నాయి. గుంటల్లో మిగిలిన పలుచని తుప్పుకు ఇవి చాలని కొందరంటారు. తుప్పు మందంగా ఉంటే కన్వర్టర్ పైపొరను మాత్రమే మార్చి, కింద బతికున్న తుప్పును దాచిపెడుతుందని మిగతావారి వాదన. రెండూ నిజమే. గీకిన తర్వాత మిగిలిన మరకకు పలుచగా పూయడానికి ఇవి పనికొస్తాయి, గీకడానికి బదులుగా పనికిరావు.

గ్యాస్ మంటతో పాత రంగు కాల్చడం అన్నిటికంటే చెడ్డది. మంట తగిలిన చోట వేడి టెంపరింగ్ హద్దు దాటితే పదును పోయి స్ప్రింగు కుంగుతుంది. వెల్డింగ్ నిప్పురవ్వ పడినా, స్ప్రింగుకు ఎర్త్ తగిలించినా అక్కడ గాజులాంటి గట్టి మచ్చ ఏర్పడి పగులుకు మొదలవుతుంది.

ఏ పూత?

కొత్త స్ప్రింగుకు ఫ్యాక్టరీలో జింక్ ఫాస్ఫేటింగ్ చేసి, ఆపైన ఎపాక్సీ పౌడర్ లేదా విద్యుత్తుతో అంటించే ఎలక్ట్రోకోట్ వేస్తారు. ఫాస్ఫేట్ పొర సన్నని స్ఫటికాలతో రంగుకు పట్టునిస్తుంది. ఉక్కుకు ఫాస్ఫేట్ పొర వేసే పద్ధతికి ఇంగ్లండులో కోస్లెట్ 1906లో పేటెంటు తీసుకున్నాడు.

మళ్ళీ వేసే పూతకు మూడు గుణాలు కావాలి: ఉక్కును వదలకుండా పట్టుకోవడం, తీగ మెలిపడినప్పుడు చిట్లకపోవడం, రాయి తగిలినా పెచ్చు లేవకపోవడం. మామూలు రెడ్ ఆక్సైడ్ మీద ఎనామెల్ చవకైన జోడీ. అయితే ఎనామెల్ ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి, కదిలే తీగ మీద చిట్లుతుంది. జింక్ ఫాస్ఫేట్ కలిసిన రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రెండు డబ్బాల పాలీయురేథేన్ (పీయూ) నలుపు వేస్తే ఫలితం చాలా మెరుగు. ప్రైమర్, పైపూత కలిపి ఆరాక 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటే చాలు. మందం ఎక్కువైతే రక్షణ పెరుగుతుందనుకోవడం తప్పు, మందపాటి పూత పెచ్చుగా లేవడం తేలిక. పీయూ గట్టిపరిచే ద్రవంలోని ఐసోసైనేట్ ఉబ్బసం తెప్పించగలదు, దాన్ని స్ప్రే చేసేటప్పుడు గుడ్డ కట్టుకుంటే చాలదు, తగిన మాస్కు ఉండాలి.

పౌడర్ కోటింగ్ గట్టిదనంలో ముందుంటుంది. పొడిని కరిగించడానికి లోహాన్ని 180 నుంచి 200 డిగ్రీల వరకు కాలుస్తారు. ఇది టెంపరింగ్ వేడికి చాలా తక్కువ కాబట్టి పదునుకు ముప్పులేదు. ఓవెన్ వేడి అదుపు తప్పి పైకి పోతే మాత్రం షాట్ పీనింగ్ ఇచ్చిన అదుముడు సడలడం మొదలవుతుంది. పౌడర్‌కు ఉన్న అసలు లోపం రాయి తగిలి లోహం బయటపడ్డాక కనిపిస్తుంది. అక్కడినుంచి తుప్పు పూత కిందుగా పాకుతుంది, పైకి నున్నగానే ఉంటుంది. కింద జింకు కలిసిన ఎపాక్సీ ప్రైమర్ ఉంటే ఆ పాకుడు తగ్గుతుంది. జింక్ ఎలక్ట్రోప్లేటింగ్ హైడ్రోజన్ వల్ల, కరిగిన జింకులో ముంచే గాల్వనైజింగ్ సుమారు 450 డిగ్రీల వేడి వల్ల స్ప్రింగుకు తగవు. బండి మీదే ఉంచి చల్లే రబ్బరు అండర్‌బాడీ కోటింగ్ శుభ్రమైన పూత మీద అదనపు కవచం. తుప్పు మీద చల్లితే అది తడిని మూసిపెట్టే మూత.

కమాన్ పట్టీల సంగతి కొద్దిగా వేరు. పట్టీలు ఒకదానిమీద ఒకటి జారాలి కనుక, ఒరుసుకునే ముఖాలకు మందపు రంగు వేయకూడదు. కట్ట విప్పి, ఒక్కో పట్టీని శుభ్రం చేసి, బయటి ముఖాలకు రంగు, లోపలి ముఖాలకు గ్రాఫైట్ గ్రీజు పెడతారు.

తేమ, నీళ్ళు, వేళ

రంగు వేసేటప్పుడు ఉక్కు ఉపరితలం మంచుబిందు ఉష్ణోగ్రతకు కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, గాలిలో తేమ 85 శాతం మించకూడదు. 25 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉంటే మంచుబిందువు 21 డిగ్రీలు దాటుతుంది. రాత్రంతా చల్లబడిన స్ప్రింగును అలాంటి గాలిలోకి తెస్తే దాని మీద కంటికి కనిపించని తేమ పడుతుంది. దేవనహళ్ళిలో డిసెంబరు, జనవరి ఉదయాల మంచు విమానాలనే ఆలస్యం చేస్తుంది. ఆ నెలల్లో ఎండ ఎక్కాకే రంగు పని పెట్టుకోవాలి. అన్నిటికంటే అనువైనవి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొడిరోజులు. వానాకాలంలో బ్లాస్టింగ్ అయిన ఉక్కు గంటల్లోనే మళ్ళీ ఎర్రబారుతుంది, కాబట్టి ప్రైమర్ అదే పూట పడాలి.

కడిగే నీళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి. ఈ వైపు బోరు నీళ్ళు లవణాలతో కూడిన గట్టి నీళ్ళు. అవి ఆరితే మిగిలే ఉప్పు పూత కింద ఉండి, బయటి తేమను లోపలికి లాగి బొబ్బలు లేపుతుంది. ఆఖరి కడుగు ఆర్ఓ నీళ్ళతో చేసి, వెంటనే గాలి కొట్టి ఆరబెడితే ఈ చిక్కు ఉండదు. శుభ్రం చేసిన స్ప్రింగును ఒట్టి చేత్తో పట్టుకోకూడదు. చెమటలోనూ ఉప్పు ఉంటుంది.

బిగింపు, ఖర్చు

రెండు డబ్బాల ఎపాక్సీ ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ, పూర్తి గట్టిదనానికి మామూలు వేడిలో దాదాపు వారం పడుతుంది. అంతకుముందే బిగిస్తే కంప్రెసర్ కొక్కేలే పూతను చీలుస్తాయి. కొక్కేలకు రబ్బరు తొడిగి, గిన్నెను శుభ్రం చేసి, పాత రబ్బరు సీటు, తొడుగు, బంప్ స్టాప్ కొత్తవి వేయాలి. బిగించాక చిట్లిన చోట ప్రైమర్, రంగు అద్దాలి. స్ట్రట్ విప్పారు కనుక వీల్ అలైన్‌మెంట్ చూపించాలి. తర్వాత ప్రతి వానాకాలం ముగిశాక కింది చుట్టులో చేరిన మట్టిని నీటితో కొట్టించి, పూతను ఒకసారి పరిశీలిస్తే చాలు.

ఖర్చు లెక్కన చూస్తే ఈ పని అన్ని కార్లకూ లాభసాటి కాదు. డిజైర్, ఎటియోస్ వంటి వాటికి కొత్త స్ప్రింగులు బెంగళూరు జేసీ రోడ్డులోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో తేలికగా దొరుకుతాయి. విప్పడం, బిగించడం కూలి రెండింటికీ ఒకటే. బ్లాస్టింగ్, పూత ఖర్చు కలిపితే కొత్తదాని ధరకు దగ్గర పడవచ్చు. పైగా కొత్తదానికి తుప్పు గుంటల చరిత్ర ఉండదు. షాకబ్జర్ మార్పిడి కోసం ఎలాగూ విప్పినప్పుడు, పైపై తుప్పు మాత్రమే ఉన్న స్ప్రింగుకు రంగు వేయడం తెలివైన పని. కొత్త విడిభాగాలు దొరకని పద్మిని వంటి పాత కార్లకూ, విదేశాల నుంచి తెచ్చుకున్న అరుదైన బండ్లకూ ఇదే తగిన మార్గం. గుజిరీలో కొన్న స్ప్రింగుకు మాత్రం, అది ఏ ఊరి బండిదో, ఎంత దూరం తిరిగిందో తెలియదు గనుక, వ్యాసం కొలత, పగుళ్ళ పరీక్ష రెండూ అయ్యాకే రంగు సంగతి ఆలోచించాలి.